బంతి విసిరే వరుసలో ఎవరిని నిలబెడతారు?

ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి బంతి బాగా విసురుతాడని, అయినా కోచ్ చూసీ చూడగానే బంతిని కాలితో తన్నే కిక్కర్ల వరుసలోకి పంపించారని రాశారు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలు చూస్తే, బంతి పట్టుకోబోయేవాళ్ళ వెంటపడే కార్నర్‌బ్యాక్‌లు దాదాపు అందరూ నల్లజాతివారు, కిక్కర్లు దాదాపు అందరూ శ్వేతజాతివారు కనిపిస్తున్నారని, ఇది శరీర నిర్మాణం వల్ల వచ్చిందా, మరేదైనా కారణం ఉందా అని అడిగారు. మన భారతీయులెవరైనా ఆ లీగ్‌లో ఆడారా అని కూడా అడిగారు.

నేను ఆటగాణ్ణి కాదు. మా అబ్బాయి మూడేళ్ళు హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడాడు. వాడు చదువు ముగించుకుని వెళ్ళిపోయాక కూడా తొమ్మిదేళ్ళు అదే మైదానంలో శుక్రవారం రాత్రులు గీత పక్కన, బంతి ఎంత ముందుకెళ్ళిందో కొలిచే పది గజాల గొలుసు పట్టుకుని నిలబడ్డాను. గొలుసు పట్టుకునేవాడిని ఎవరూ పట్టించుకోరు. అందుకే వాడికి అన్నీ వినపడతాయి. ఆ వినికిడితోపాటు ఈ లీగ్ చరిత్ర మీద ఉన్న పిచ్చితో చెబుతున్నాను. శరీరం పాత్ర కొంత ఉంది. నూట నలభై కిలోల మనిషి చేసే లైన్ పని డెబ్భై కిలోల మనిషి చేయలేడు. కానీ ఎవరు ఎక్కడ నిలబడాలన్నది చాలావరకు పది పద్నాలుగేళ్ళ వయసులోనే, మెడలో ఈల వేసుకున్న ఒక మనిషి కంటిచూపుతో తేలిపోతుంది. శరీరం గురించిన సిద్ధాంతం ఆ తర్వాత తీరిగ్గా వచ్చి చేరుతుంది.

నా కళ్ళముందు జరిగింది ఒకటి చెబుతాను. ఆగస్టు ఎండలో మొదటి రోజు ప్రాక్టీసు. నలభైమంది పిల్లలు. కోచ్ ఒక్కొక్కరి ముందు పది సెకన్లు కూడా ఆగకుండా వరుసలు చేస్తున్నాడు. సన్నగా ఉన్న మా వాణ్ణి చూసి "సాకర్ ఆడావా?" అని అడిగాడు. వాడు అప్పటివరకు ఆడింది అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టెన్నిస్ బంతితో క్రికెట్. సమాధానం వినకముందే కిక్కర్ల వైపు చేయి చూపించాడు. ఈలోగా ఒక బంతి దొర్లుకుంటూ నేను నిలబడ్డ కంచె దగ్గరికి వచ్చింది. ఒక నల్లజాతి కుర్రాడు పరుగెత్తుకొచ్చి దాన్ని తీసుకుని, అక్కడి నుంచే వెనక్కి విసిరాడు. నలభై గజాలు ఉంటుంది. బంతి చక్కగా తిరుగుతూ వెళ్ళి నేరుగా కోచ్ ఛాతీ దగ్గర పడింది. "చేయి బాగుందిరా" అన్నాడు కోచ్. అని, ఆ కుర్రాణ్ణి విసిరిన బంతిని పట్టుకునే రిసీవర్ల వరుసలోకి పంపాడు.

ఆ కోచ్ దుర్మార్గుడు కాడు. ప్రాక్టీసు అయ్యాక బస్సు దొరకని పిల్లల్ని తన కారులో ఇంటికి దింపేవాడు, సొంత డబ్బుతో అన్నం పెట్టించేవాడు. ఆ కుర్రాడు మంచి రిసీవర్ అయ్యాడు కూడా. "పుట్టుకతోనే రిసీవర్" అని మేమందరం అనుకున్నాం. కంచె దగ్గరి నుంచి విసిరిన ఆ బంతి మాట ఎవరమూ ఎత్తలేదు. నేను కూడా.

ఆట కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు మాటలు. దాడి చేసే పదకొండు మందిలో బంతిని మొదట అందించేవాడు సెంటర్, అతని పక్కన గార్డులు, ట్యాకిల్స్. బంతి అందుకుని ఏం చేయాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. పరుగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్, దూరంగా వెళ్ళి పట్టుకునేవాడు వైడ్ రిసీవర్. ఎదుటి జట్టులో రిసీవర్ వెంటపడేవాడు కార్నర్‌బ్యాక్, అందరి వెనక కాపలా సేఫ్టీ, మధ్యలో నిలబడి మిగతావాళ్ళకు సంకేతాలిచ్చేవాడు మిడిల్ లైన్‌బ్యాకర్. కాలితో తన్నే పనికి కిక్కర్, పంటర్ వేరు.

ఇక చరిత్ర. లీగ్ పుట్టిన 1920లోనే ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఏక్రన్ జట్టును గెలిపించాడు. మరుసటి ఏడాది ఆ జట్టుకు కోచ్ బాధ్యత కూడా పంచుకున్నాడు. కానీ 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. కాగితం మీద నిషేధం లేదు, అందరికీ తెలిసిన ఒప్పందమది. 1946లో ర్యామ్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారి, ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియం కావాలని అడిగినప్పుడు స్థానిక నల్లజాతి పాత్రికేయులు పట్టుబట్టారు. అలా కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ వచ్చారు. అందరికంటే చివరగా తలుపు తెరిచింది వాషింగ్టన్ జట్టు, అది కూడా 1962లో. కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉంది, వివక్ష చూపితే అక్కడ ఆడనివ్వమని అంతర్గత వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ ఉడాల్ హెచ్చరించాకే బాబీ మిచెల్ ఆ జట్టు చొక్కా తొడిగాడు. ఈ వాషింగ్టన్ జట్టును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తలుపు తెరుచుకుంది కానీ లోపల గదులు వేరు. 1970లో లోయ్, మెక్‌ఎల్వోగ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు బేస్‌బాల్, ఫుట్‌బాల్ జట్ల జాబితాలు ముందేసుకుని, ఎవరు ఏ స్థానంలో ఉన్నారో లెక్కపెట్టారు. క్వార్టర్‌బ్యాక్, సెంటర్, గార్డ్, లైన్‌బ్యాకర్ వంటి నడిమి స్థానాల్లో శ్వేతజాతివారు, అంచుల్లో ఉండే స్థానాల్లో నల్లజాతివారు గుంపుగా తేలారు. దీనికి 'స్టాకింగ్' అని పేరు. ఒకే అరలో పుస్తకాలు పేర్చినట్టు మనుషుల్ని ఒకే స్థానంలో పేర్చడం. హ్యారీ ఎడ్వర్డ్స్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త దీన్ని ఇంకో కోణంలో చూశాడు. మైదానం మధ్యలో ఉన్నారా, అంచున ఉన్నారా అన్నది అసలు విషయం కాదు, ఆట ఫలితాన్ని నిర్ణయించే అధికారం, నాయకత్వం ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు విషయం అన్నాడు. నాకు ఆయన మాటే సబబుగా అనిపిస్తుంది. రన్నింగ్ బ్యాక్ నిలబడేది మైదానం నడుమనే కదా, ఆ స్థానం నల్లజాతివారికి ఎన్నడో దక్కింది. దక్కనిది ఆజ్ఞ ఇచ్చే స్థానం.

పేర్చడంలో ఇంకో కిటుకు ఉంది. నల్లజాతి ఆటగాళ్ళందరినీ రెండు మూడు స్థానాల్లోకే పంపితే వాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడతారు, శ్వేతజాతి ఆటగాడి చోటు జోలికి ఎవరూ రారు. జట్టులో నల్లజాతివారు ఎంతమంది ఉండాలన్న లెక్క నోటితో చెప్పకుండానే కుదిరిపోతుంది.

మార్లిన్ బ్రిస్కో కథ వింటే ఇదంతా ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తుంది. ఒమాహా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్. 1968లో, కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, డెన్వర్ బ్రాంకోస్ ఆయన్ను పద్నాలుగో రౌండ్‌లో తీసుకుంది, కార్నర్‌బ్యాక్ అని రాసుకుని. ఆయన సంతకం పెట్టే ముందు ఒక షరతు పెట్టాడు: నన్ను క్వార్టర్‌బ్యాక్‌గా పరీక్షించాలి. పరీక్షించారు, పక్కన పెట్టారు. సీజన్ మొదట్లో అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే దిక్కులేక పిలిచారు. ఆ ఏడాది ఐదు ఆటల్లోనే మొదటి నుంచి ఆడించారు, అయినా ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు మొత్తం 14 విసిరాడు. మరుసటి ఏడాది క్వార్టర్‌బ్యాక్‌ల సమావేశానికి ఆయన్ను పిలవనే లేదు. జట్టు వదిలి బఫలో వెళ్తే అక్కడ క్వార్టర్‌బ్యాక్‌లకు కొదవ లేదు. రిసీవర్ అవుతానన్నాడు. అయ్యాడు. రెండో ఏడాదికే 1,036 గజాలు సాధించి, ఉత్తమ ఆటగాళ్ళు ఆడే ప్రో బౌల్‌కు వెళ్ళాడు, తర్వాత 1972లో ఒక్క ఓటమీ లేని మయామి జట్టులో ఆడాడు. ఇప్పుడు ఎవరైనా ఆయన లెక్కలు చూసి "రిసీవర్‌గానే సరిపోయాడు కదా" అనవచ్చు. మా కంచె దగ్గరి కుర్రాడి గురించి మేము అన్నట్టే.

వారెన్ మూన్‌ది మరో దారి. 1978 జనవరిలో రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ ఆటలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని గెలిపించి ఆ ఆటలో ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆయన్ను క్వార్టర్‌బ్యాక్‌గా చూడలేదు. స్థానం మార్చుకుంటే చూద్దామన్నట్టు మాట్లాడాయి. ఆయన మార్చుకోలేదు, దేశం మార్చాడు. కెనడాలో ఎడ్మంటన్ తరఫున 1978 నుంచి 1982 దాకా అక్కడి లీగ్ విజేతకిచ్చే గ్రే కప్‌లు వరుసగా ఐదు గెలిచాడు. 1984లో హ్యూస్టన్ పిలిస్తే తిరిగొచ్చి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 49,000కు పైగా గజాలు విసిరాడు. 2006లో, ఆట దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆయనే. అదే తరానికి చెందిన టోనీ డంగీ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్. 1977లో ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, పిట్స్‌బర్గ్ తీసుకుని సేఫ్టీని చేసింది. ఇలా స్థానం మారి పేరు తెచ్చుకున్నవాళ్ళు మనకు గుర్తున్నారు. స్థానం మారి కనబడకుండా పోయినవాళ్ళ జాబితా ఎవరి దగ్గరా ఉండదు.

ఇప్పుడు వాషింగ్టన్ జట్టు. 1988 జనవరి 31న లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్. మొదటి క్వార్టర్‌లో, అంటే ఆటలో మొదటి నాలుగో వంతులో, మోకాలు మెలిపడి బయటికి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. అప్పటికి డెన్వర్ 10-0 ఆధిక్యంలో ఉంది. రెండో క్వార్టర్ ఒక్కదాంట్లోనే విలియమ్స్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, జట్టు 35 పాయింట్లు చేసింది. చివరికి 42-10. నల్లజాతి ఆటగాణ్ణి అందరికంటే చివర తీసుకున్న జట్టే, నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌తో అందరికంటే ముందు సూపర్ బౌల్ గెలిచింది. తమాషా ఏమిటంటే సరిగ్గా అదే జనవరిలో జిమ్మీ 'ద గ్రీక్' స్నైడర్ అనే టీవీ వ్యాఖ్యాత, బానిసల యజమానులు బలమైనవాళ్ళను ఏరి పిల్లల్ని కనిపించారు కాబట్టే నల్లజాతివారు మంచి ఆటగాళ్ళయ్యారని చెప్పి సీబీఎస్ టీవీ చానెల్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. శరీర సిద్ధాంతం ఎక్కడి నుంచి వస్తుందో ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. మిగతావాళ్ళు అదే మాటను మర్యాదగా చెబుతారు: శ్వేతజాతి కుర్రాడు "తెలివైనవాడు, కష్టజీవి", నల్లజాతి కుర్రాడు "సహజ ప్రతిభావంతుడు". వినడానికి రెండూ పొగడ్తలే. రెండోదాంట్లో మెదడు ప్రస్తావన ఉండదు, అంతే.

శరీర సిద్ధాంతానికి ఒక అలవాటు ఉంది. అలవాటైన దృశ్యం మారిపోతే, తాను అంతకుముందు చెప్పినది మరిచిపోతుంది. మిడిల్ లైన్‌బ్యాకర్ ఆలోచించే స్థానం, నల్లజాతివారికి కుదరదు అనే రోజులుండేవి. 1967లో కాన్సస్ సిటీకి విల్లీ లానియర్ వచ్చి హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్ళాడు. ఈరోజు ఆ స్థానం గురించి అలాంటి మాట ఎవరైనా అంటే నవ్వుతారు. సెంటర్ కూడా అంతే, ఎదుటివాళ్ళ అమరిక చూసి పక్కవాళ్ళకు ఎవరిని అడ్డుకోవాలో చెప్పాల్సిన పని. మయామికి డ్వైట్ స్టీఫెన్‌సన్, పిట్స్‌బర్గ్‌కు డెర్మాంటీ డాసన్ ఆ పనిని అందరికంటే గొప్పగా చేశారు. అయినా ఇప్పటికీ సెంటర్లలో శ్వేతజాతివారే ఎక్కువ. సిద్ధాంతం పోయినా అలవాటు పోలేదు.

"మరి కార్నర్‌బ్యాక్‌ల సంగతి?" అని మీరు అడగబోతున్నారు. న్యాయమైన ప్రశ్నే. న్యూయార్క్ జెయింట్స్‌లో జేసన్ సీహార్న్ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆ స్థానంలో శ్వేతజాతివాడు కనిపించడమే గగనమైంది. ఆ పనికి కావాల్సిన వేగం ఉన్నవాళ్ళు ఏ జాతిలోనైనా కొద్దిమందే. కానీ ఆ వేగం ఉన్న శ్వేతజాతి కుర్రాడు హైస్కూల్లో ఏ వరుసలో నిలబడ్డాడో కూడా చూడండి. కూపర్ డీజీన్ అయోవాలోని చిన్న ఊరి కుర్రాడు, హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్. కాలేజీలో కార్నర్‌బ్యాక్‌గా రాణించినా, 2024 డ్రాఫ్ట్ ముందు "ఇతణ్ణి సేఫ్టీ చేయాలా?" అన్న చర్చ ఆగలేదు. ఫిలడెల్ఫియా తీసుకుని కార్నర్‌గానే ఆడించింది. 2025 ఫిబ్రవరి 9న, తన ఇరవై రెండో పుట్టినరోజున, సూపర్ బౌల్‌లో పాట్రిక్ మహోమ్స్ పాస్‌ను పట్టుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ 2023లో 1,459 గజాలతో లీగ్ అంతటికీ మొదటివాడు. ఈ ఇద్దరితో లెక్క తారుమారు కాలేదు. కానీ ముద్ర వేసే చేయి రెండు వైపులా ఒకేలా పడుతుందని తెలుస్తుంది. బ్రిస్కోకు పడిన దెబ్బ, డీజీన్‌కు ఎదురైన అనుమానం సమానం అనడం లేదు. ఒకరికి పోయింది ఆజ్ఞ ఇచ్చే స్థానం, ఇంకొకరికి పోగలిగేది కొన్ని గజాల దూరం.

మీ అబ్బాయిని పంపిన కిక్కర్ల దగ్గర సంగతి వేరు, అక్కడ పనిచేసేది డబ్బు. ఎక్కువ హైస్కూళ్ళలో కిక్కర్‌కు విడిగా కోచ్ ఉండడు. నేర్చుకోవాలంటే సాకర్ క్లబ్బు, వేసవి శిబిరం, గంటకింత తీసుకునే శిక్షకుడు. అవన్నీ ఉన్న పేటల నుంచే కిక్కర్లు వస్తారు. తన్నడానికి కావాల్సిన కాలు ఏ జాతికీ ప్రత్యేకం కాదు. 1960లో డెన్వర్‌కు ఆడిన జీన్ మింగో కాలేజీ గడపే తొక్కలేదు, నౌకాదళంలో ఆట నేర్చుకుని వచ్చాడు. పరుగెత్తేవాడు, తన్నేవాడు, ఆ ఏడాది 123 పాయింట్లతో, అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా ఉన్న ఏఎఫ్‌ఎల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఈమధ్య క్వార్టర్‌బ్యాక్ దారి కూడా అలాగే ఖరీదవుతోంది.

క్వార్టర్‌బ్యాక్ స్థానం మారింది ఎలా? మనసులు మారి అని చెప్పాలని ఉంది కానీ, ఎక్కువగా ఆట మారి. కాలేజీల్లో మైదానమంతా పరుచుకుని ఆడే పద్ధతి వచ్చింది, అందులో పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ బంగారం. అలా ఆడి గెలిచినవాళ్ళను వదులుకోవడం జట్ల యజమానులకు నష్టం. 1999లో మొదటి రౌండ్‌లో ముగ్గురు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు, 2001లో మైకేల్ విక్ మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటివాడు. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌కు రెండు వైపులా నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే, మహోమ్స్, జేలెన్ హర్ట్స్. ఆ సెప్టెంబరులో సీజన్ మొదలైనప్పుడు 32 జట్లలో 14 జట్లకు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు. అయినా పాత మాట అంత తేలిగ్గా చావలేదు. 2018లో, కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ అప్పటికే గెలిచిన లామార్ జాక్సన్ గురించి, మాజీ జనరల్ మేనేజర్ బిల్ పోలియన్ రిసీవర్‌గా మారితే మంచిదన్నాడు. డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరీక్షల్లో లామార్ నలభై గజాల పరుగు పరుగెత్తనేలేదు. పరుగెత్తితే ఆ వేగం చూపించి రిసీవర్‌ను చేస్తారని తెలుసు. ఎంత తెలివైన నిరాకరణ! అతనికంటే ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు, అతను 32వ స్థానంలో పోయాడు. 2019లో ఒక్క ఓటు కూడా పోకుండా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. పోలియన్ తాను పొరబడ్డానని ఒప్పుకున్నాడు.

ఇదంతా చరిత్ర, ఇప్పుడు లేదు అనుకునేవాళ్ళకు ఒక్క విషయం చెబుతాను. తలకు తగిలిన దెబ్బల వల్ల మతిమరుపు వచ్చిన మాజీ ఆటగాళ్ళకు పరిహారం ఇచ్చే ఒప్పందంలో, పరీక్ష మార్కులను జాతిని బట్టి సవరించే పద్ధతి ఉండేది. నల్లజాతి ఆటగాడి మెదడు మొదటి నుంచే కొంత తక్కువ స్థాయిలో పనిచేస్తుందని అనుకుని లెక్క కట్టడం అన్నమాట. దానివల్ల అతనికి నష్టం జరిగిందని రుజువు చేయడం కష్టమయ్యేది. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కాక, 2021లో ఆ పద్ధతిని తీసేయడానికి లీగ్ ఒప్పుకుంది. "క్వార్టర్‌బ్యాక్ ఆలోచించే స్థానం" అన్న వాక్యం వెనక అరవై ఏళ్ళు దాక్కున్న నమ్మకం, పరిహారం పట్టికలో అంకెల రూపంలో దొరికిపోయింది. ఈ విషయం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

స్థానం ఆటతో ముగిసిపోదు కూడా. ప్రధాన కోచ్‌లను ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్‌లకు నేర్పినవాళ్ళ నుంచి, దాడి వ్యూహం నడిపినవాళ్ళ నుంచి ఎంచుకుంటారు. రన్నింగ్ బ్యాక్‌గా ఆడినవాడు రన్నింగ్ బ్యాక్‌లకు నేర్పుతూ ఉండిపోతాడు. పొలార్డ్ తర్వాత మళ్ళీ నల్లజాతి ప్రధాన కోచ్, ఆర్ట్ షెల్, 1989లో గానీ రాలేదు. 2003లో, ప్రధాన కోచ్ పదవికి అల్పసంఖ్యాక వర్గాల అభ్యర్థిని ఇంటర్వ్యూకైనా పిలవాలన్న రూనీ నిబంధన పెట్టారు. సేఫ్టీగా మార్చేసిన ఆ డంగీయే 2007లో సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి ప్రధాన కోచ్ అయ్యాడు.

మనవాళ్ళ సంగతి అడిగారు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లర్ సెయింట్ లూయిస్, గ్రీన్ బే జట్లకు లైన్‌బ్యాకర్‌గా ఆడాడు, కిక్కర్‌గా కాదు. మీ కోచ్‌తో ఆ పేరు మాటల మధ్యలో అనండి, తప్పులేదు.

ఇక మీరు చేయాల్సింది. మొదటి సంభాషణలో జాతి మాట ఎత్తవద్దు. ఎత్తితే కోచ్ తనను తాను సమర్థించుకోవడంలో పడిపోతాడు, మీ వాడి చేయి వెనక్కి వెళ్ళిపోతుంది. "మా వాడు విసరడం మీరు ఏ రోజు చూస్తారు?" అని అడగండి. రోజు పేరు చెప్పించుకోండి. ఆ రోజు వరకు వాడికి బలం కంటే అడుగులు నేర్పించండి: బంతి అందుకోగానే మూడడుగులు వెనక్కి, భుజం తిప్పడం, విసరడం. ఫోనుతో పక్క నుంచి తీస్తే తప్పు ఎక్కడుందో వాడికే తెలుస్తుంది. వారాంతాల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడించండి, అక్కడ ఢీకొట్టుకోవడం ఉండదు, అందరికీ విసిరే వంతు వస్తుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ ఆట ఉంది కూడా. కిక్కర్ పని మానిపించనక్కర్లేదు, రెండూ చేయనివ్వండి.

మా వాడి తరఫున నేను ఈ ప్రశ్న అడగలేదు. వాడు మూడేళ్ళు తన్నాడు, బాగానే తన్నాడు. విసరగలిగేవాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ శనివారం ప్రాక్టీసుకు వెళ్ళినప్పుడు క్వార్టర్‌బ్యాక్ వరుసలో ఎంతమంది ఉన్నారో, వాళ్ళను ఎలా ఎంచుకున్నారో చూసి రాయండి. కోచ్‌ను ఎప్పుడు కలవాలో దాన్నిబట్టి చెబుతాను.